స్వే బార్ విప్పడం సులువే, తిరిగి తగిలించడమే పని: నా అనుభవం

మేముండేది డెన్వర్ పక్కన అరోరాలో. నా బండి జీప్ రాంగ్లర్ స్పోర్ట్, నాలుగు తలుపుల జేఎల్ మోడల్. రాంగ్లర్‌లోనే ఖరీదైన రకం రూబికాన్, నాది అది కాదని ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే రూబికాన్‌లో డాష్‌బోర్డు మీద ఒక బటన్ ఉంటుంది, రాళ్లదారి ఎక్కేముందు అది నొక్కితే ముందు స్వే బార్ దానంతట అదే విడిపోతుంది, వాళ్లకి ఈ గోలంతా అక్కర్లేదు (నిజానికి వాళ్లకీ ఒకచోట తిప్పలు తప్పవు, ఆ సంగతి కింద వస్తుంది). స్పోర్ట్ వాళ్లం మాత్రం బండి కింద పడుకుని పానాతో విప్పుకోవాల్సిందే. "ఆ బటన్ కోసమైనా రూబికాన్ తీసుకోవాల్సింది" అని నాకు చెప్పనివాళ్లు లేరు. రూబికాన్‌తో వచ్చే లాకర్లకీ (యాక్సిల్ రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేవి) పెద్ద టైర్లకీ విలువ ఉంది, కాదనను, కానీ ఒక్క స్వే బార్ కోసమే అయితే అంత డబ్బు దండగ. నేను చేతితో విప్పి, ఎక్కి, దిగి, మళ్లీ తగిలించి చెప్తున్న మాట ఇది.

స్వే బార్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యు ఆకారంలో వంచిన లావుపాటి ఉక్కు కడ్డీ అది. మధ్యభాగాన్ని రబ్బరు బుష్‌లు వేసి ఛాసీకి బిగిస్తారు, రెండు కొసల నుంచి చెరో లింకు కిందకి దిగి యాక్సిల్‌కి, అంటే రెండు చక్రాలనీ కలిపే ఇరుసుకి తగులుకుంటుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి కాబట్టి కడ్డీ ఊరికే బుష్‌లలో తిరిగి ఊరుకుంటుంది. ఒక చక్రం లేచి రెండోది దిగితే మాత్రం తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది, ఆ మెలి విప్పుకోవడానికి లేచిన చక్రాన్ని కిందకి నెడుతుంది, దిగినదాన్ని పైకి లాగుతుంది. హైవే మలుపులో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా ఆపేది ఇదే. కడ్డీ కాస్త లావైనా బిగువు బాగా పెరుగుతుంది, ఎందుకంటే వ్యాసం నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది మరి: 25 మి.మీ. కడ్డీ తీసి 30 మి.మీ. కడ్డీ వేస్తే బిగువు రెట్టింపు దాటిపోతుంది.

రోడ్డు మీద కాపాడే ఈ గుణమే రాళ్ల మీద అడ్డం వస్తుంది. ముందు ఎడమ చక్రం బండరాయి ఎక్కిందనుకోండి, కుడి చక్రం గుంటలోకి దిగి నేలని అందుకోవాలి. బార్ దిగనివ్వదు. అప్పుడు బండి మొత్తం ఒరుగుతుంది, ఎక్కడో ఒక టైరు గాల్లోకి లేస్తుంది, నా బండిలో ఉన్నవి ఓపెన్ డిఫరెన్షియల్స్ (చక్రాలకి పవర్ పంచే, లాకర్ లేని గేర్ల పెట్టెలు) కాబట్టి పవరంతా ఆ గాల్లో టైరుకే పోయి అది గిర్రున తిరుగుతుంది. 4-లో గేర్లో (నాలుగు చక్రాలకీ పవర్ పంపే నిదానపు గేరు) ఉంటే ఆ తిరిగే చక్రానికి బండి తనంతట తనే బ్రేక్ వేసి రెండోదానికి పవర్ పంపుతుంది, అది పనిచేస్తుంది కూడా, కాకపోతే చక్రం కాసేపు తిరిగాక గానీ మేలుకోదు. అసలు టైరు నేలని వదలకుండా చూసుకోవడమే మేలు కదా.

ట్రయిల్‌కి వెళ్లే ముందు ఒకసారి ఇంటి దగ్గరే మొత్తం విప్పి బిగించి చూడాలనుకున్నా. కొండ మీద మొదటిసారి కిందకి దూరి ఏ బోల్టు ఎటు తిరుగుతుందో వెతుక్కోవడం నావల్ల కాదు. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యకూడదని రూలు ఉంది, అందుకని సెంటెనియల్‌లో ఉండే ఒక అన్న వాళ్ల గ్యారేజీకి వెళ్లాను. ఆయనది రూబికాన్. గ్యారేజీ తలుపు తీస్తూనే, "ఏం తమ్ముడూ, నేను బటన్ నొక్కి టీ తాగుతూ కూర్చోనా?" అన్నాడు. కూర్చోమన్నా. టీ అయ్యాక ఆయనే వచ్చి లైటు పట్టుకున్నాడు.

సామాన్లు పెద్దగా ఏమీ లేవు. నా బండికి 18 మి.మీ. సాకెట్టు, అదే సైజు పానా, టార్క్ రెంచి, తుప్పు వదిలించే నూనె స్ప్రే, రెండు మూడు బిగింపు తాళ్లు, వెనక చక్రాలకి అడ్డం పెట్టడానికి చెక్కలు. జాకీ ఎత్తలేదు. ఇది చాలామందికి వింతగా ఉంటుంది కానీ ఈ పనికి బండి నాలుగు చక్రాల మీద, సమంగా ఉన్న నేల మీద నిలబడి ఉండటమే కావాలి. ఒక పక్క జాకీతో లేపితే కడ్డీ మెలిపడి ఉంటుంది, అలాంటప్పుడు బోల్టు వదిలితే లింకు చెయ్యి విరిగేలా తన్నుతుంది.

అసలు శ్రమంతా తుప్పుతోనే. కొలరాడోలో చలికాలం రోడ్ల మీద మంచు కట్టకుండా మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం చల్లుతారు, అది బండి అడుగుభాగానికి పట్టి బోల్టులన్నిటినీ తినేస్తుంది. ముందురోజు సాయంత్రమే నూనె కొట్టి వదిలేశాను, అయినా కుడి పక్క బోల్టు కదలడానికి పొడవాటి పిడి రెంచితో బలమంతా పెట్టాల్సి వచ్చింది. కదిలిన తర్వాత అంతా చకచకా అయిపోయింది. నట్టుతో పాటు లోపలి స్టడ్ కూడా తిరుగుతుంటే వెనక నుంచి దాన్ని ఇంకో పానాతో పట్టుకోవాలి, లేకపోతే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు.

కింది బోల్టులు తీసేసరికి లింకులు కడ్డీ కొసలకి వేలాడుతూ ఉంటాయి. కొందరు ఇక్కడితో ఆపేసి, కడ్డీని పైకి తిప్పి లింకుల్ని ఛాసీకి కట్టేస్తారు. నేను పై నట్లు కూడా తీసి లింకుల్ని పూర్తిగా బయట పెట్టేశాను, ఖాళీ కడ్డీని మాత్రం పైకి తిప్పి తాడుతో బిగించాను. కట్టిన తర్వాత ఒక పని తప్పనిసరిగా చెయ్యాలి: ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాలి, ఇంకొకరు బయట నిలబడి చూడాలి (కింద పడుకుని చూడొద్దు, పక్క నుంచి టార్చి వేసుకుని చూడండి చాలు). కడ్డీ గానీ తాడు గానీ టైరుకి, బ్రేకు గొట్టానికి, స్టీరింగ్ రాడ్డుకి, ఏబీఎస్ తీగకి తగలకూడదు. చక్రం కిందకి పూర్తిగా దిగినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకోవడం లేదని కూడా చూసుకోవాలి. నా బండికి కంపెనీ షాకప్సే ఉన్నాయి, అవే ఒక హద్దు దాటి దిగనివ్వవు కాబట్టి గొట్టం లూజుగానే ఉంది. ఎత్తు పెంచి పొడుగు షాకప్స్ వేయించుకున్నవాళ్లకి ఆ భరోసా లేదు, స్ప్రింగు కూడా చోటు తప్పి జారిపోయే అవకాశం ఉంటుంది.

తేడా చూడటానికి అన్న దగ్గర చెక్క ర్యాంపు ఉంది. బార్ ఉన్నప్పుడు ముందు ఎడమ చక్రాన్ని దాని మీదకి ఎక్కిస్తుంటే కాస్త దూరం పోగానే వెనక ఎడమ టైరు నేల మీద నుంచి లేవడం మొదలైంది. విప్పాక అదే ర్యాంపు మీద ఇంకా చాలా పైకి పోయినా నాలుగు టైర్లూ నేలకి అంటుకునే ఉన్నాయి. ఈ దూరాన్నే కొలిచి, బండి వీల్‌బేస్‌తో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే వచ్చే అంకెని ర్యాంప్ ట్రావెల్ ఇండెక్స్ అంటారు, ఆఫ్‌రోడ్ పిచ్చోళ్లు దాని మీద పందాలు కాస్తారు. మేం టేపు తియ్యలేదు. కంటికే తెలిసిపోతోంది.

ఆ తర్వాత అన్నతో కలిసి, ఎవరి బండిలో వాళ్లం, వెళ్లింది రెడ్ కోన్ అనే కొండ ట్రయిల్‌కి. డెన్వర్ వాళ్లకి 285 హైవే మీద బెయిలీ, గ్రాంట్ దాటాక హాల్ వ్యాలీ వైపు తిరిగే మట్టిరోడ్డు తెలిసే ఉంటుంది, అక్కడి నుంచి మొదలవుతుంది. 12,800 అడుగుల దాకా ఎక్కి అవతల వెబ్‌స్టర్ పాస్ అనే కనుమకి దిగుతుంది, దిగడమే తప్ప ఆ వైపు నుంచి ఎక్కనివ్వరు. మంచు కరిగి దారి తెరుచుకునేసరికి వేసవి సగం అయిపోతుంది. ఈ ట్రయిల్ ఎందుకు ఎంచుకున్నానంటే రెండు రకాల నేలా ఒకే దారిలో దొరుకుతుంది: కింద అడవిలో రాళ్లు, వేర్లు, మెట్లు మెట్లుగా ఎక్కుడు, పైన చెట్లు ఆగిపోయాక కొండ వెన్ను మీద బండిని ఒక పక్కకి ఒరగబెట్టే ఏటవాలు. మొదటిదానికి బార్ విప్పాలి, రెండోదానికి తగిలించాలి. చాలామంది పొద్దున విప్పి సాయంత్రం ఇంటికి పోయేముందు తగిలిస్తారు. నాకది నచ్చదు. బార్ లేని బండి ఏటవాలులో పల్లం వైపుకి ఇంకా ఎక్కువ ఒరుగుతుంది, పక్కన లోయ ఉన్నప్పుడు ఆ ఎక్కువ ఎంతో కొలుచుకునే ఓపిక ఎవరికుంటుంది?

మట్టిరోడ్డు చివర ఆపి టైర్ల గాలి 18 పీఎస్ఐకి దించి, బార్ విప్పాను. గ్యారేజీలో ఒకసారి కదిలిన బోల్టులు కాబట్టి ఈసారి అన్న గాలి దించుకునేలోపే అయిపోయింది. విప్పిన బోల్టులూ నట్లూ ఒక జిప్ సంచిలో వేసి గ్లవ్ బాక్సులో పెట్టాను. లింకులు వెనక సీటు కింద.

అడవి మొదలవగానే రాళ్ల మెట్లు. ఇంతకుముందు ఇలాంటి చోట బార్‌తో పోయినప్పుడు తల ఇటు కిటికీకి, అటు పక్కవాళ్ల భుజానికి కొట్టుకునేది. ఒక చక్రం ఎక్కితే బండి మొత్తం ఆ పక్కకి విసిరినట్టు ఊగుతుంది, అది దిగగానే ఈ పక్కకి. ఇప్పుడు చక్రాలు కింద వాటి పని అవి చేసుకుంటున్నాయి, పైన మేం దాదాపు తిన్నగా కూర్చుని ఉన్నాం. మా ఆవిడ పక్క సీట్లో ఉంది, మామూలుగా పైన ఉన్న పిడి పట్టుకుని కళ్లు మూసుకునే మనిషి, కాసేపటికి చెయ్యి తీసి బ్యాగులోంచి చెగోడీలు బయటికి తీసింది. "ఈసారి దారి బాగుందే" అంది. దారి అదే, ఇంకా అధ్వానంగా ఉంది. స్వే బార్ విప్పితే బండి ఎక్కలేనిది ఎక్కేస్తుందని వీడియోల్లో ఊదరగొడతారు. కొంచెం నిజమే, టైర్లు నేల మీద ఉంటే పట్టు ఉంటుంది. కానీ నాకు ఎక్కువ తెలిసిన లాభం లోపల కూర్చున్నవాళ్ల మెడలకి. బండి ఊగకపోతే డ్రైవరుకి టైరు ఎక్కడ పెడుతున్నాడో తెలుస్తుంది, నిదానంగా పోతాడు, అడుగుభాగం రాయికి కొట్టుకోవడం తగ్గుతుంది. ఇంకో మాట: నా టైర్లు కంపెనీ సైజువే, ఎక్కడా ఫెండర్‌కి రాసుకోలేదు. 35 అంగుళాల టైర్లు వేసుకుని బార్ విప్పేవాళ్లు చక్రం పైకి వచ్చి ఎక్కడ తగులుతుందో ముందే చూసుకుని బంప్ స్టాప్స్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే దిమ్మలు) పెట్టించుకోవాలి.

చెట్లు అయిపోయే చోటికి వచ్చాం. ఇక్కడే తగిలించాలని ముందే అనుకున్నాం, కానీ సమంగా ఉన్న చోటు కోసం చాలాసేపు వెతకాల్సి వచ్చింది. ముందుకీ వెనక్కీ వాలు ఉంటే పర్వాలేదు, అడ్డంగా వాలు ఉండకూడదు, ముందు రెండు టైర్లూ వెనక రెండు టైర్లూ ఒకే తలంలో ఉండాలి. కొండ మీద అలాంటి చోటు దొరకడం గగనం. ఉన్నంతలో మంచి చోట ఆపి ఎడమ లింకు పెట్టాను, చక్కగా కూర్చుంది. కుడి పక్కకి వెళ్తే లింకు రంధ్రానికీ యాక్సిల్ మీది రంధ్రానికీ మధ్య బొటనవేలంత తేడా. ఎంత నొక్కినా రాదు, అది స్ప్రింగు ఉక్కు, మనిషి బలానికి లొంగేది కాదు.

దీనికి మూడు ఉపాయాలున్నాయి, మూడూ వాడాం. ముందు అన్న ఫెండర్ మీద బరువేసి బండిని ఊపాడు, తేడా సగం తగ్గింది. తర్వాత మా ఆవిడని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి ఇంజన్ ఆన్‌లో, బ్రేకు మీద కాలు పెట్టి, కొద్ది కొద్దిగా తిప్పమన్నాం. స్టీరింగ్ తిప్పితే బాడీ కొంచెం అటూ ఇటూ జరుగుతుంది, రంధ్రాలు దగ్గరికొస్తాయి. నేను టైరుకి దూరంగా, ముందు వైపు నుంచి చూస్తూ "ఇంకొంచెం... ఆపు ఆపు, వెనక్కి" అంటున్నా. ఆవిడ, "సరిగ్గా చెప్పు, కుడికా ఎడమకా?" అని గట్టిగా అరిచింది, చల్లగాలికి ఒక్క ముక్క వినపడి చావదు. చివరికి మిగిలిన కాస్త తేడాకి, ఇంజన్ ఆపేసి, కడ్డీ కొసకీ యాక్సిల్‌కీ మధ్య ర్యాచెట్ తాడు వేసి నెమ్మదిగా లాగితే రంధ్రాలు కలిశాయి. బోల్టు దూరింది. టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించాను. రబ్బరు బుష్ ఉన్న బోల్టుల్ని బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించాలి, గాల్లో ఉంచి బిగిస్తే కిందకి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది.

ఈలోపు అన్న తన బండెక్కి బటన్ నొక్కాడు. లైటు మిణుకు మిణుకుమంటూనే ఉంది, ఆగట్లేదు. ఆయన బండి ఎడమ పక్క ఒక రాయి మీద ఉంది, కడ్డీ రెండు ముక్కలూ ఒక వరసలోకి వస్తే గానీ మోటారు దాన్ని కలపలేదు. బటన్ ఉన్నా అదే సమస్య, సమమైన నేల కావాలి! ముందుకీ వెనక్కీ జరిపి, ఊపి, ఇంకో చోటికి పోయాక లైటు ఆరిపోయింది. నేను టీ సంగతి ఎత్తలేదు, ఆయనే "నీ పానాయే నయం రా" అన్నాడు. రూబికాన్ వాళ్లకి నిజంగా ఉపయోగపడేది వేరే ఉంది: బండి గంటకి 18 మైళ్లు దాటితే బార్ దానంతట అదే తగులుకుంటుంది, 14 కిందకి వస్తే మళ్లీ విడిపోతుంది. మర్చిపోయి హైవే ఎక్కే ప్రమాదం లేదు. చేతితో విప్పేవాళ్లకి ఆ కాపలా ఉండదు, అందుకే నేను విప్పగానే స్టీరింగ్‌కి ఒక ఎర్ర రిబ్బను కడతా.

పైన కొండ వెన్ను గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బార్ ఉంది, బండి కుదురుగా ఉంది, మా ఆవిడ మళ్లీ పిడి పట్టుకుంది. వెబ్‌స్టర్ పాస్ వైపు దిగుడు నిటారుగా, కంకరతో జారుతూ ఉంటుంది, అక్కడ పనికొచ్చేది 4-లో మొదటి గేరు, బ్రేకు మీద తొందరపడని కాలు. స్వే బార్‌కి అక్కడ పని లేదు.

ఇంటికొచ్చాక కంపెనీ లింకులు తీసేసి పిన్నుతో ఊడొచ్చే లింకులు వేయించుకున్నా, రెండు వందల డాలర్ల దాకా అయింది. కింద యాక్సిల్‌కి ఒక స్టడ్, దానికి లింకు తొడిగి అడ్డంగా పిన్ను గుచ్చడమే. విప్పినప్పుడు లింకుని పైకి తిప్పి ఛాసీ మీద కొక్కేనికి తగిలించుకోవచ్చు. పానా అక్కర్లేదు, బోల్టుల సంచి అక్కర్లేదు. దీనికీ గొడవలున్నాయి: గ్రీజు పెట్టకపోతే మట్టి పట్టి బిగుసుకుపోతుంది, బుష్ అరిగితే టక్ టక్‌మని చప్పుడు చేస్తుంది, పిన్ను ఒకటి ఎక్కువ కొని బండిలో పడేసుకోవాలి. రంధ్రాలు కలపడానికి నేల వెతుక్కోవడం మాత్రం దీనికీ తప్పదు. నెలకోసారైనా కొండలకి పోయేవాళ్లకి ఇది పెట్టించుకోవడం మంచిది, ఏడాదికోసారి పోయేవాళ్లకి 18 పానా చాలు.

హైదరాబాద్‌లో మా పిన్ని కొడుకు ఈ ఫొటోలన్నీ చూసి, "అన్నయ్యా, నా థార్‌కి కూడా విప్పెయ్యనా?" అని ఫోన్ చేశాడు. వాడిది 2020 తర్వాత వచ్చిన థార్, దాని ముందు చక్రాలకి రాంగ్లర్‌లా అడ్డంగా ఒకే యాక్సిల్ ఉండదు, వేటికవే విడిగా కదిలే సస్పెన్షన్. అలాంటివాటికి చక్రం కదలగలిగే హద్దే తక్కువ, బార్ విప్పినా మనకి దొరికేది కొంచెమే. జిమ్నీ అయితే ముందూ వెనకా గట్టి యాక్సిలే, దానికి ఆలోచించొచ్చు. పైగా వాడు పోయేది వికారాబాద్ వైపు మట్టిదారులకి, అక్కడ బండరాళ్ల మెట్లు ఎక్కేదేం లేదు. వారంటీ ఉన్న బండి, ముందు షోరూంలో అడుగు, దానికంటే ముందు ఒక కంప్రెసర్ కొనుక్కుని టైర్ల గాలి తగ్గించడం, మళ్లీ నింపడం అలవాటు చేసుకో అన్నాను. సరే అన్నాడు. మర్నాడు పొద్దున్నే, "కంప్రెసర్ ఏది కొనమంటావు?" అని మెసేజ్ పెట్టాడు, దానికింకా జవాబు రాయాలి.